ప్రార్థన గొంతు, ఇంటి గొంతు: మన గుణం మనకు కనబడాలంటే

మా చిన్నబిడ్డ ఏడో తరగతి. మిర్చి సీజన్ నడుస్తున్నప్పుడు ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక చాప మడతపెడుతూ ఊరికే అడిగినట్టు అడిగింది, "బాపూ, నువ్వు దేవునితోని మాట్లాడే గొంతు వేరే, మాతోని మాట్లాడే గొంతు వేరే ఎందుకుంటది?" మా ఇంటామె నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ప్రార్థనకు పది నిమిషాల ముందు అదే పిల్లను ఛార్జర్ ఎక్కడ పెట్టినవని పక్కింటికి వినబడేట్టు అరిచాను, ఆ అరిచిన నోటితోనే "ప్రేమగల తండ్రీ, దీనుడనైన నన్ను జ్ఞాపకము చేసికొనుము" అన్నాను. దీనుడను! ఛార్జర్ నా జేబులోనే ఉంది.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో (రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే చోటు) గుమాస్తాను. హన్మకొండ వైపు ఒక చిన్న సంఘంలో కానుకల లెక్క రాస్తాను, పాటల పుస్తకాలు పంచుతాను. పాస్టరును కాను, బైబిల్ కాలేజీ మెట్లు ఎక్కలేదు. అందుకని ఇది ప్రసంగం అనుకోకండి. క్రైస్తవుడిగా ఎదగాలని ఉంది, ఉపవాసాలు ఉంటున్నాం, కూటాలకు పోతున్నాం, అయినా పదేళ్ల కిందటి కోపమే, పదేళ్ల కిందటి అసూయే ఇంకా అట్లనే ఉంది ఏందిరా అని ఎప్పుడైనా అనిపించిన వాళ్ల కోసం, నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను.

ముందు భాష మార్చండి

మనం ప్రార్థనకు కూర్చోగానే గ్రాంథికంలోకి పోతాం. పాత తర్జుమా బైబిల్ చదివి చదివి, పెద్దల ప్రార్థనలు విని విని వచ్చిన అలవాటు అది, అందులో తప్పేం లేదు, నాకూ ఆ భాషంటే ప్రాణం. కానీ ఆ భాషలో పాపం కూడా అందంగా వినబడుతుంది. "నాలోని సమస్త అపవిత్రతను కడిగివేయుము ప్రభువా" అన్నామనుకోండి, ఏ అపవిత్రత? ఎప్పుడు? ఎవరితోని? ఏదీ తెలియదు. "నేను ఘోరపాపిని" అని సాక్ష్యంలో చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు, అందరూ "ఆమేన్" అంటారు కూడా. అదే మనిషిని లేపి, "నిన్న సాయంత్రం నీ తమ్మునికి పొలం గట్టు గురించి అబద్ధం చెప్పినవు కదా" అంటే కుర్చీ తన్ని లేస్తాడు. పెద్ద మాట చెప్పుకుని చిన్న నిజం దాచుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

కాబట్టి మొదటి పని, రోజుకు ఐదు నిమిషాలు ఇంట్లో మాట్లాడే మాటల్లో ప్రార్థన చేయండి. చాయ్ దుకాణం ముందు దోస్తుతో చెప్పినట్టు. నేను మొదటిసారి చేసినప్పుడు ఇట్లా వచ్చింది, దాచకుండా రాస్తున్నాను.

"ప్రభువా, ఇయ్యాల పన్నెండింటికి ఒక కాక వచ్చి తన లెక్క రెండోసారి అడిగిండు. తూకంల తరుగు ఎందుకంత పోయింది అన్నడు. నేను, 'నీకు చదువొస్తదా, చెప్తే సమజైతదా' అన్న. హమాలీలు, ఇంకో ఇద్దరు రైతులు ఉండగనే అన్న. ఆయన తల దించుకున్నడు. నాకు మంచిగనిపించింది."

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక నేనే ఆగిపోయాను. నాకు మంచిగనిపించింది. ఇన్నేళ్లు నేను నాకు "కోపం" ఉంది అనుకున్నాను, కోపం తగ్గించమని ప్రార్థించాను, ప్రార్థన చేయించుకున్నాను. ఉన్నది కోపం కాదు. సేటు దగ్గర రోజంతా చేతులు కట్టుకుని నిలబడేవాడికి, తనకంటే కింద ఇంకొకడు తల దించుకుంటే వచ్చే సుఖం అది. గ్రాంథికంలో ఎంత వెతికినా ఈ సంగతి నాకు దొరికేది కాదు.

బైబిల్‌లో వాళ్లూ మొదట దాక్కున్నారు, గమనించండి. ఆదికాండం 3లో "నీవు ఎక్కడ ఉన్నావు" అని అడిగితే ఆదాము చెట్ల చాటు నుంచి ఆమె వల్ల అన్నాడు, ఆమె సర్పం వల్ల అన్నది. ఎవరూ "నేను తిన్న" అని అక్కడే ఆగలేదు, తిన్నాను అనే మాటకు ముందు ఎవడో ఒకడు అడ్డం ఉండాల్సిందే. 32వ కీర్తనలో దావీదు తప్పు చెప్పకుండా మౌనంగా ఉన్నన్నాళ్లు ఎముకలు క్షీణించాయి అంటాడు. లూకా 18లో సుంకరి ప్రార్థన ఒక్క లైను, పరిసయ్యుడిది పేరా అంత. మనది ఎంత పొడుగో చూసుకోండి.

చిట్టా రాయండి, ఒక్క వారం

మార్కెట్‌లో మిర్చి బస్తా కొనేవాడు పైన కనబడే కాయ చూసి ధర చెప్పడు. మూతి విప్పి, మోచేయి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. తాలు కాయ ఎంత కలిసింది, తేమ ఎంత ఉంది, కాయ ఊపితే గింజ గలగలమంటుందా లేదా చూస్తాడు. ఎర్రగా ఉన్నదల్లా ఘాటు కాదు. మన వరంగల్ చపాటా మిర్చి ఉంది కదా, 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, చూడ్డానికి టమాట అంత ఎరుపు, కారం మాత్రం తక్కువే. దాని గిరాకీ రంగుకే కాబట్టి దానికి చెల్లుతుంది. విశ్వాసికి చెల్లదు. (ఈ మాట మా సంఘంలో అంటే ఒకాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆయన్ని అనలేదు.)

అడుగు నుంచి తీయాలంటే చిన్న పుస్తకం ఒకటి జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో కూడా రాయొచ్చు, కానీ ఫోన్ తీస్తే వాట్సాప్ చూడకుండా ఉండలేం, నా మటుకు పుస్తకమే నయం. వారం రోజులు మారే ప్రయత్నం ఏమీ చేయొద్దు, చూడడం మాత్రమే. లోపల ఎక్కడ మండిందో, ఎక్కడ ముడుచుకుపోయామో, ఎక్కడ ఛాతీ పొంగిందో ఆ చోటు రాయాలి. తిట్టడం ఒక్కటే కాదు. పక్క సంఘం అబ్బాయి పాట బాగా పాడాడని అందరూ మెచ్చుకుంటుంటే "బాగనే పాడిండు గాని…" అని మనం మొదలుపెట్టామే, అది. సేటు ఫోన్ చేస్తే ఇంట్లో కూర్చుని "దారిలో ఉన్న సార్" అన్నామే, అదీ. కానుక వేసేటప్పుడు ఐదు వందల నోటు పక్కవాడికి కనబడేట్టు పట్టుకున్నామే, అదీ.

ప్రతిదానికీ నాలుగు సంగతులు రాయండి: ఎప్పుడు ఎక్కడ, ఎదుటి మనిషి ఎవరు, నేను ఏమన్నాను లేదా ఏం చేశాను, నాలుగోది, ఆ సంగతి తర్వాత ఇంకొకరికి ఎట్లా చెప్పాను. నా అనుభవంలో అసలు విషయం నాలుగో గడిలోనే ఉంటుంది. కాక సంగతి ఆ సాయంత్రం నేను ఇంట్లో ఇట్లా చెప్పాను: "ఇయ్యాల ఒక రైతు వచ్చి ఊకే పరేషాన్ చేసిండు, రెండు మూడు సార్లు చెప్పినా వినడు, తలనొప్పి." నేనన్న మాట చెప్పలేదు. ఆయన తల దించుకున్నది చెప్పలేదు. ఒకసారి చెప్పినదాన్ని రెండు మూడు సార్లు అన్నాను. ఎక్కడ కోత పెట్టి, ఎక్కడ అతుకు వేసి చెప్పామో చూస్తే మనకు ఏది సిగ్గో తెలుస్తుంది, సిగ్గు ఉన్నదంటే అక్కడ మనకు నిజం ముందే తెలుసన్నమాట.

ఇది కొత్త పద్ధతేం కాదు. కాజీపేట ఫాతిమానగర్‌లో నాకు ఒక క్యాథలిక్ దోస్తు ఉన్నాడు, నేను ఈ పుస్తకం సంగతి చెబితే నవ్వి, "మావోళ్లు ఐదు వందల ఏండ్ల నుంచి చేస్తున్నరు" అన్నాడు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే ఆయన, యేసు సభ (జెస్యూట్ గురువుల సంఘం) స్థాపించిన వాళ్లలో ముఖ్యుడు, ఒకే ఒక్క తప్పును పట్టుకుని దానికోసం వారంలో రోజుకొక గీత గీసి, తప్పిన ప్రతిసారీ ఆ గీత మీద చుక్క పెట్టుకోమన్నాడు. నిన్నటి చుక్కలు, ఇవాళ్టి చుక్కలు పక్కపక్కన పెట్టి చూసుకోవడం. నాలాంటి గుమాస్తాకు ఇంతకంటే అర్థమయ్యే పద్ధతి ఇంకోటి లేదు. మనం ప్రొటెస్టెంట్లం కదా అని దాన్ని పక్కన పెట్టాల్సిన పని లేదనే నా అభిప్రాయం.

ప్రసంగంలో పక్కకు చూసినప్పుడు

ఆదివారం అయ్యగారు వాక్యం చెబుతుంటారు, నాలుక గురించి. మన మెడ దానంతటదే మూడో వరసలో కూర్చున్న అక్క వైపు తిరుగుతుంది. "ఈ ముక్క ఆమె వింటే బాగుండు." ఆమె ఆ రోజు రాకపోతే ఇంకా బాధ, ఎవరైనా రికార్డు చేస్తే బాగుండు, లింకు పంపేవాళ్లం కదా అని.

దీన్ని తిట్టుకోవద్దు, వాడుకోండి. ఎవరి వైపు చూశారో, ఏ తప్పు కోసం చూశారో ఆ పుస్తకంలో రాసి, ఆ తప్పు మన చిట్టాలో ఉందేమో వెనక్కి తిరగేయండి. రెండో సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదుకు, పేదవాడి ఒక్క గొర్రెపిల్లను ధనవంతుడు గుంజుకున్న కథ చెబితే దావీదుకు నిజంగానే మండింది, అట్లా చేసినవాడు చావాలి అన్నాడు. నటన కాదది. న్యాయం అంటే ఏందో ఆయనకు తెలుసు, దొంగ ఎవడో తెలియలేదు అంతే. "ఆ మనుష్యుడవు నీవే" అనే మాట పడేదాకా ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించిన సంగతి ఆయన లెక్కలో లేదు. ఎదుటివాడిలో మనల్ని అంతగా మండించే తప్పు చాలాసార్లు మన ఇంటి తప్పే అయి ఉంటుంది. అన్నిసార్లూ కాదు. కొందరు నిజంగానే దుర్మార్గం చేస్తారు, వాళ్లని తప్పు అనాల్సిందే. కానీ మండిన ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరగేస్తే నష్టం లేదు.

యాకోబు వాక్యాన్ని అద్దం అన్నాడు, చూసుకుని వెళ్లి, ఎట్లా ఉన్నామో వెంటనే మరిచిపోయేవాడి గురించి. నాకొకటి అనిపిస్తుంది, మనం అద్దం ముందు నిలబడి వెనకాల ఉన్నవాళ్ల మొహం చూస్తున్నాం.

అడగాలి, అది అన్నిటికంటే కష్టం

మన వీపు మనకు కనబడదు. ఎంత చిట్టా రాసినా కొన్ని మిగిలిపోతాయి. దీనికి మన దగ్గరి కథే ఒకటి చెబుతాను. డోర్నకల్ తెలుసు కదా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. అక్కడ పనిచేసిన వి. ఎస్. అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి, మీరు మా కోసం మీ ఆస్తి ఇచ్చారు, శరీరాలు కాలిపోయేంతగా ఇచ్చారు, ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితులను ఇవ్వండి అనే అర్థంలో మాట్లాడాడు. ఎదురుగా ఉన్నవాళ్లు మామూలువాళ్లు కాదు. ఇల్లూ దేశం విడిచి, జ్వరాలతో చచ్చి, పిల్లల్ని ఇక్కడి మట్టిలో పాతిపెట్టిన కుటుంబాల వాళ్లు. అంత త్యాగం చేసినవాళ్లకు, మనం ఈ మనుషుల్ని సమానంగా కూర్చోబెట్టుకోవడం లేదు అనే సంగతి కనబడలేదు. ఒకరు లేచి మొహం మీద చెప్పాల్సి వచ్చింది. కొందరికి కోపం కూడా వచ్చింది. రెండేళ్లకు, 1912లో, ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు, డోర్నకల్‌కే.

ప్రాణం పెట్టినవాళ్లకే కనబడనిది ఉంటే, ఆదివారం గంటన్నర కూర్చుని వచ్చే మనకు ఎన్ని కనబడకుండా ఉంటాయి చెప్పండి.

ముగ్గురిని ఎంచుకోండి: ఇంట్లో ఒకరు, పని దగ్గర ఒకరు, సంఘంలో ఒకరు. ఊరికే పొగిడేవాళ్లు వద్దు, మనమంటే పడనివాళ్లూ వద్దు. "నాలో లోపాలేంటి?" అని మాత్రం అడగొద్దు, అట్లా అడిగితే "ఏం లేదన్నా, నువ్వు మంచోనివి" అంటారు, మనం లోలోపల సంతోషపడి ఇంటికొస్తాం. ఇట్లా అడగండి: "నేను ఏ టైంల నీకు కష్టంగ అనిపిస్త?" లేకపోతే, "నాతోని ఏదైనా చెప్పాలనుకొని చెప్పకుండ ఊకున్నది ఉన్నదా?" అడిగి మూసుకోవాలి. వాళ్లు చెప్పింది తప్పైనా, సగమే నిజమైనా, ఆ రోజుకు "సరే" తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. వివరణ ఇవ్వకూడదు. "అది కాదు, ఆ రోజు ఏమైందంటే" అని మొదలుపెట్టారంటే ఆ మనిషి మీకు మళ్లీ జన్మలో నిజం చెప్పడు.

నేను దుకాణంలో హమాలీ అన్నను అడిగాను. చాలాసేపు బీడీ తాగి అన్నాడు, "నువ్వు సేటు ఉన్నప్పుడు మమ్మల్ని ఎక్కువ తిడుతవ్. సేటు లేనప్పుడు మంచిగనే ఉంటవ్." అంతే. నేను "సరే" అన్నాను. ఆ ఒక్క ముక్క నా వారం చిట్టా కంటే ఎక్కువ చెప్పింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. మనకంటే కింద ఉన్నవాళ్లను, మనమంటే భయం ఉన్నవాళ్లను అడిగేటప్పుడు, చెప్పినందుకు వాళ్లకు ఏమీ కాదు అనే నమ్మకం ముందు మన నడవడితో కలగాలి, లేకపోతే అది ఇంకో రకం వేధింపు అవుతుంది. రెండోది, ఇంట్లో దెబ్బలు తింటున్న అక్కచెల్లెళ్లకు ఈ వ్యాసం కాదు. "నాలో ఏం తప్పుందో" అని వెతుక్కోవడం కాదు మీరు చేయాల్సింది, సహాయం తీసుకోవాలి, 181కి ఫోన్ చేస్తే మహిళల హెల్ప్‌లైన్ వస్తుంది. "ఓర్చుకో, ప్రార్థన చెయ్యి" అని మాత్రమే చెప్పి పంపించే పెద్దలు ఉంటారు. వాళ్ల మాట దగ్గర ఆగిపోవద్దు.

మన సంఘాల్లో ఇంకో చిక్కు, చెప్పుకున్నది చెప్పుకున్న చోట ఆగదు. "ఫలానా తమ్ముని కోసం భారంగా ప్రార్థించండి, చెప్పకూడదు గాని…" అంటే ఇక అది హన్మకొండ చౌరస్తా దాకా పోయినట్టే. యాకోబు 5:16 ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమంది గానీ గ్రూపులో పోస్టు పెట్టమనలేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కాలంలో మెథడిస్టులు చిన్న చిన్న జట్లుగా, మగవాళ్లు వేరే ఆడవాళ్లు వేరే, వారానికోసారి కూర్చుని, పోయినసారి కలిసినప్పటి నుంచి ఏ తప్పు చేశావు అని ఒకరినొకరు సూటిగా అడుక్కునేవాళ్లు. 1738లో దానికి నియమాలు కూడా రాసుకున్నారు. క్లాస్ మీటింగ్ అనేది అయితే ఇంకా తమాషా. 1742లో బ్రిస్టల్‌లో కూటాల భవనం అప్పు తీర్చడానికి వారానికి మనిషికి ఒక పెన్నీ వసూలు చేయమని ఒక్కొక్కరికి పన్నెండు మందిని అప్పజెప్పారు. ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు చందాతో పాటు, ఎవరింట్లో తాగుడుంది, ఎవరింట్లో గొడవుంది అనేదీ కనబడింది. అక్కడి నుంచి అది ఆత్మ సంగతి కనుక్కునే పద్ధతి అయింది. మన మెదక్ పెద్ద చర్చి, 1924లో ప్రతిష్ఠ అయింది కదా, ఆ వెస్లియన్ మిషన్ వాళ్లు కట్టిందే. అంటే ఇంటికి వచ్చి అడిగే అలవాటు మన నేలకు కొత్త కాదు. ఇప్పుడు మాత్రం చందా ఫోన్‌పేలో పోతుంది, ఇంటికి ఎవరూ రారు.

ఒక్కటే పట్టుకోండి

వారం చిట్టా చూస్తే పది పన్నెండు తప్పులు కనబడతాయి. అన్నీ ఒకేసారి మార్చుకుంటానని తీర్మానం చేసుకోవద్దు. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో అందరం చేసేది అదే, సంక్రాంతికి సకినాలు అయిపోయేలోపే తీర్మానాలు కూడా అయిపోతాయి. ఎక్కువసార్లు వచ్చింది, ఎక్కువమందిని గాయపరిచింది ఒక్కటి తీసుకోండి. దానికి మంచి పేరు కాకుండా నిజం పేరు పెట్టండి. "కోపం" కాదు, "సేటు చూస్తుంటే కిందివాళ్లను తిట్టడం."

తర్వాత ఆ తప్పు వచ్చే ముందు క్షణం ఏదో కనిపెట్టి, అక్కడ చేతికి ఒక పని ఇవ్వండి. ఎఫెసీయులకు 4:28 చదవండి, దొంగిలించేవాడు దొంగతనం మానేస్తే చాలు అని పౌలు అనలేదు, చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవాడికి పెట్టమన్నాడు. అదే చెయ్యి, పని వేరే. నేను పెట్టుకున్న నియమం చాలా చిన్నది: ఎవరైనా లెక్క రెండోసారి అడిగితే నోరు తెరిచే ముందు కాగితం వాళ్ల చేతిలో పెట్టి, నేను లేచి వాళ్ల పక్కకు పోయి నిలబడాలి. బల్లకు అవతల నుంచి మాట్లాడితే నా నోరు ఊరుకోదని నాకు తెలిసిపోయింది. పక్కన నిలబడితే ఇద్దరం కలిసి కాగితం చూస్తాం, మొహం చూసుకోం. ఇందులో ఆత్మీయత ఏముంది అని ఒక తమ్ముడు అడిగాడు. ఫిలిప్పీయులకు 2:12, 13 రెండూ కలిపి చదవమన్నాను, భయంతో వణుకుతో మీరు కొనసాగించుకోండి అంటూనే, మీలో పనిచేసేది దేవుడే అంటాడు. లేచి నిలబడే కాళ్లు నావి. ఆ టైంకి గుర్తు చేసేది ఆయన. రోజుకు మూడు నాలుగుసార్లు గుర్తొస్తుంది, ఒక్కోసారి తిట్టడం అయిపోయాక గుర్తొస్తుంది.

పోయి ఒప్పుకోవడం

దేవుని దగ్గర ఒప్పుకుని మనిషి దగ్గర ఎగ్గొట్టడం మనకు బాగా వచ్చు. మత్తయి 5లో యేసు, కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు పోయి సహోదరుడితో సమాధానపడమన్నాడు. కానుకల లెక్క రాసేవాడిగా చెబుతున్నాను, ఆ వాక్యం నిజంగా పాటిస్తే ఒక ఆదివారం మా పెట్టె ఖాళీగా ఉంటుంది.

ఆ కాక రెండో ఏరుడు (రెండోసారి కోసిన మిర్చి) సరుకుతో మళ్లీ వచ్చాడు, నర్సంపేట వైపు ఊరు. నేను ముందు రాత్రే మాటలు తయారు చేసుకున్నాను, అందులో నాలుగుసార్లు "కానీ" ఉంది, నాలుగూ కొట్టేశాను. బస్తాలు దింపుతుంటే పోయి, "కాకా, పోయినసారి నీకు చదువు రాదని నలుగుట్ల అన్న. అది తప్పు. మాఫ్ చెయ్యి" అన్నాను. హమాలీలు వింటూనే ఉన్నారు, కావాలనే అట్లా చెప్పాను, నలుగురిలో అన్నది చాటుగా తుడుచుకుంటే లెక్క సరిపోదు కదా.

ఆయన తలకు కట్టుకున్న తువ్వాల విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఏ మాటనో నాకు యాదికి లేదు బిడ్డా" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. లెక్క అయ్యింది, కాటా, తరుగు, హమాలీ, ప్రతి లైను చదివి చెప్పాను, ఆయన వేలు పెట్టి చూశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటూ, పోయే ముందు అన్నాడు, "మళ్ల ఎవలను గట్ల అనకు."

యాదికి ఉంది.

క్షమాపణ అడిగితే అవతలివాళ్లు వెంటనే క్షమించాలని లేదు, కౌగిలించుకోవాలని అంతకన్నా లేదు. మన పని అడగడం. డబ్బు సంగతి అయితే మాటలతో సరిపెట్టొద్దు. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, మనం కనీసం తీసుకున్నంతైనా ఇచ్చి మాట్లాడాలి.

తవ్వడం ఎక్కడ ఆపాలి

కొందరికి నేను చెప్పిన దానికి ఉల్టా సమస్య ఉంటుంది. తవ్వుతూనే ఉంటారు. ప్రతి ఆలోచననూ పాపం అనుకుని, ఒప్పుకున్నదే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటారు. పౌలు 1 కొరింథీయులకు 4లో నన్ను నేనే విమర్శించుకొనను, నన్ను విమర్శించువాడు ప్రభువే అన్నాడు, అది చదివి పుస్తకం మూసేయండి. రాత్రి పది నిమిషాలు చాలు. వారాల తరబడి నిద్ర లేక, తిండి సయించక, బతకడమే దండగ అనిపిస్తుంటే అది గుణం సమస్య కాదు, జబ్బు. షుగర్‌కు గోలీ వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు కదా, ఇదీ అంతే. సైకియాట్రిస్ట్‌కు చూపించుకోండి, 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

పాత గుణం మళ్లీ లేస్తే బెంబేలు పడొద్దు. పేతురు ఒక పనిపిల్లకు భయపడి యేసు ఎవరో తెలియదన్నాడు. పెంతెకొస్తు తర్వాత అంత ధైర్యంగా నిలబడ్డవాడు, అంతియొకయలో మళ్లీ మనుషులకు భయపడి అన్యజనుల పంక్తిలోంచి లేచిపోయాడు, పౌలు అందరి ముందు నిలదీశాడు, గలతీయులకు 2లో ఉంది. భయం అదే భయం. మోషే ఐగుప్తీయుణ్ణి కొట్టి చంపినప్పటి నుంచి మిద్యానులో నలభై ఏళ్లు గొర్రెలు కాశాడు, భూమి మీద అందరికంటే సాత్వికుడని పేరు తెచ్చుకున్నాడు, అయినా మెరీబా దగ్గర జనం మీద విసుగొచ్చి బండను రెండుసార్లు కొట్టాడు. మిర్చి జులైలో నారు పోస్తే జనవరికి గానీ ఏరుడు మొదలుకాదు, అదీ ఒక్కసారి కాదు, మూడు నాలుగుసార్లు ఏరాలి, పండినదే కోయాలి, పచ్చిది వదిలేయాలి. నా వయసు నలభై ఆరు. తొందరేం లేదు అని చెప్పను, తొందర ఉంది, కానీ లాగితే రాదు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. ప్రతివాడూ తనను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినమని పౌలు అన్నాడు కాబట్టి దానికి ముందు శనివారం రాత్రి నేను ఆ నెల చిట్టా ఒకసారి చదివి, ఎవరి దగ్గరికైనా పోవాల్సింది మిగిలితే ఫోన్ చేసి, కాగితాలు చింపి పొయ్యిలో వేస్తాను. దాచిపెట్టుకోను. మనవి దాచుకుంటే రేపు ఎదుటివాళ్లవి కూడా దాచడం మొదలవుతుంది. తర్వాత కొత్త పుస్తకం తీసి, ఆ ముగ్గురిలో ఒకరిని మళ్లీ అడుగుతాను.

పోయిన శనివారం మా ఇంటామె వంతు. గిన్నెలు కడుగుతోంది. "మార్కెట్ల కొంచెం మారిన అంటున్నరు, నీకు ఎట్లనిపిస్తున్న?" అన్నాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటుందనే అడిగాను.

"మార్కెట్ల సంగతి నాకేం ఎరుక," అంది వెనక్కి తిరగకుండానే. "ఇంట్ల మాత్రం ఉప్పు ఎక్కువైతే గిన్నె నూకుతనే ఉన్నవ్. నిన్న గూడ నూకినవ్."

నిన్న నేను గిన్నె నూకలేదు. కొంచెం జరిపాను అంతే. అది కూడా ఫోన్ పెట్టుకోవడానికి చోటు లేక.

"సరే" అన్నాను.